తవుడు మూట

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, కరోనా ఉద్ధృతి తగ్గిన తరువాతి వేసవిలో, నూజివీడు నుంచి రెడ్డిగూడెం పోయే వైపున్న ఒక చిన్న ప్రభుత్వ ఆసుపత్రికి నన్ను హెడ్ నర్సుగా వేశారు. చార్జి తీసుకున్నది ఏప్రిల్ మొదటి వారంలో. పెద్ద ఆసుపత్రుల్లో హెడ్ నర్సు మీద ఇంకా ఒకరిద్దరు అధికారులుంటారు. అక్కడ నర్సులందరిలో నేనే పెద్ద. డ్యూటీలు వేయడం, మందుల నిల్వ చూసుకోవడం, క్యాజువాలిటీలో చేతులు చాలనప్పుడు కొంగు బిగించి దిగడం అన్నీ నా పనే.

మామిడి కోతల కాలంలో ఆ క్యాజువాలిటీకి వచ్చే కేసులు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. చెట్టు మీది నుంచి జారిపడి చెయ్యి విరిగినవాళ్లు, కాయ సొన చింది ముఖం కాలినవాళ్లు, ఎండదెబ్బ తగిలిన కూలీలు. వీళ్ల మధ్య అప్పుడప్పుడు పురుగుమందు కేసు వస్తుంది. దాన్ని మేము పాయిజన్ కేసు అంటాం. అలాంటి కేసు వస్తే వైద్యం ఒకవైపు మొదలుపెట్టి, రెండోవైపు పోలీసులకు సమాచారం పంపాలి. అంటే అది వెంటనే మెడికో లీగల్ కేసు అవుతుంది. పెళ్లయి ఏడేళ్లు నిండని ఆడమనిషైతే ఆ కాగితం మీద రాసే ప్రతి మాటకూ బరువు ఎక్కువ. ఆమెకు ఏమైనా అయితే అత్తింటివాళ్ల మీదికి మొదట వెళ్లేది ఆ మాటే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మందు తాగినవాళ్లలో చాలామంది తాగలేదనే చెబుతారు. భయం కొంత, పరువు కొంత. అందుకని మా వృత్తిలో నోటి మాట పక్కన పెట్టి, ఒంటి మీద కనబడే లక్షణాన్నే నమ్మడం అలవాటైపోతుంది.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాలై ఓపీ మూసే వేళకు ఒక ఆటో నేరుగా మెట్ల దాకా వచ్చి ఆగింది. అందులోంచి ఇద్దరు మగవాళ్లు ఒక పాతికేళ్ల లోపు అమ్మాయిని మోసుకొచ్చారు. వెనక ఆమె అత్తగారు, చంకలో ఏడాది నిండని పాపతో. అమ్మాయి పేరు సునీత. అత్తగారు సువార్తమ్మ. వాళ్లకు ఊరి బయట మామిడి తోట, దాని పక్కనే కొంత మొక్కజొన్న ఉన్నాయి. భర్త కాయ లోడుతో విజయవాడ వెళ్లాడట. మోసుకొచ్చిన ఇద్దరూ పక్కింటివాళ్లు.

సునీతను మంచం మీద పడుకోబెట్టేసరికే నోట్లోంచి చొంగ ధారగా కారుతోంది. ఒళ్లంతా చెమట. ఊపిరి తీసుకుంటుంటే ఛాతీలో నీళ్లు గిలకొట్టినట్టు చప్పుడు. చేతుల కండరాలు చర్మం కింద వాటంతటవే అదురుతున్నాయి. డ్యూటీ డాక్టరు హరిణి గారు టార్చి వేసి కళ్లు చూశారు. కంటిపాపలు గుండుసూది మొనంత అయిపోయాయి. ఆవిడ ఉద్యోగంలో చేరి అప్పటికి ఏడాదే, కానీ తొందరపడే మనిషి కాదు. నా వైపు తిరిగి "అట్రోపిన్ సిస్టర్" అన్నారు.

పురుగుమందుల్లో ఒక జాతికి అట్రోపిన్ విరుగుడు. ఊపిరితిత్తుల్లో ఊరుతున్న నీటిని ఎండగడుతుంది, పడిపోతున్న నాడిని లేపుతుంది. కొద్ది నిమిషాలకొకసారి, మోతాదు రెట్టింపు చేసుకుంటూ, ఛాతీ పొడిబారేదాకా ఇచ్చుకుంటూ పోవాలి. ఛాతీ ఎండిందంటే మనిషి మన చేతికి వచ్చినట్టే. నేను సూది ఎక్కించాను. స్టాఫ్ నర్సు లక్ష్మి ఆక్సిజన్ పెట్టి, సక్షన్ గొట్టంతో నోట్లోని చొంగ లాగుతోంది.

డాక్టరు గారు సునీత చెవి దగ్గర వంగి అడిగారు. "ఏం తాగావమ్మా? భయం లేదు, చెప్పు."

"ఏమీ తాగలేదండి" అంది సునీత. మాట ముద్దముద్దగా వస్తోంది. "పాప మీద ఒట్టండి... తాగలేదు."

సువార్తమ్మ పాపను భుజాన వేసుకుని గోడ దగ్గర నిలబడింది. "మా ఇంట్లో మాటా మాటా కూడా అనుకోలేదమ్మా. పొద్దున ఇద్దరం కలిసే తిన్నాం. మధ్యాహ్నం పడుకుని లేచి, కడుపులో తిప్పుతుందత్తమ్మా అంది. అంతే. వాంతి మొదలైంది."

డాక్టరు గారు ఆమెతో వాదించలేదు. ముక్కులోంచి పొట్టలోకి గొట్టం వేసి, లోపలున్నది బయటికి తీయమన్నారు. తీశాను. అన్నం మెతుకులు, పలచటి నీళ్లు. పురుగుమందు వాసన లేదు. కానీ ఆ గదిలో వాసన మాత్రం ఉంది. కోతల కాలంలో మా దగ్గరికి వచ్చే సగం మంది చొక్కాల్లోంచి మందుల వాసన వస్తూనే ఉంటుంది కాబట్టి దాన్ని బట్టి ఏమీ తేల్చలేం.

ఇంతలో సునీత అన్న రవి వచ్చాడు. వాళ్లది ముసునూరు. అతను నూజివీడు మార్కెట్లో కాటా దగ్గర పని చేస్తాడు. పక్కింటివాళ్లు ఫోను చేస్తే బండి మీద వచ్చాడు. వస్తూనే సువార్తమ్మ మీదికి వెళ్లాడు.

"ఏం చేశారు మా చెల్లిని? నిన్న సాయంత్రం కూడా ఫోన్లో నవ్వుతా మాట్లాడింది. మందు తాగేంత పని ఏం జరిగింది మీ ఇంట్లో?"

"దేవుడి సాక్షిగా నాకేం తెలియదు బాబూ" అంది ఆవిడ. పాప గుక్కపట్టి ఏడుస్తోంది. మా వార్డు బాయ్ రవిని పట్టుకుని బయటికి తీసుకెళ్లాల్సి వచ్చింది. బయట వరండాలో అతని గొంతు, అతని వెంట వచ్చిన మరో ఇద్దరి గొంతులు పెరుగుతూనే ఉన్నాయి.

పోలీసులకు పంపే సమాచారం రాయాల్సిన సమయం అది. చాలామంది డాక్టర్లు అలవాటుగా "పురుగుమందు సేవించి" అని రాసేస్తారు. హరిణి గారు కలం పట్టుకుని కాసేపు ఆగారు. తరువాత "పురుగుమందు విష లక్షణాలు, శరీరంలోకి ఎలా చేరిందో తెలియదు" అని రాసి సంతకం పెట్టారు. నేను చూశాను కానీ ఆ క్షణంలో నాకు అంత పట్టలేదు. నా ధ్యాసంతా అట్రోపిన్ ట్రే మీద ఉంది.

ఎందుకంటే లెక్క ప్రకారం తగ్గాల్సిన మనిషి తగ్గడం లేదు. ఇచ్చిన ప్రతిసారీ నాడి కొంచెం లేస్తోంది, కొద్దిసేపటికి మళ్లీ జారిపోతోంది. ఛాతీలో చప్పుడు ఎండినట్టే ఎండి మళ్లీ మొదలవుతోంది. విరిచిన అట్రోపిన్ గాజు ఆంప్యూళ్లు ట్రేలో గుట్టపడ్డాయి. స్టోరులో ఉన్న మిగతా డబ్బా కూడా తెప్పించాను. పక్క పీహెచ్‌సీకి ఫోను చేసి వాళ్ల దగ్గరున్నవి పంపమన్నాను.

108 వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. ఇలాంటి కేసును ఏలూరు పెద్దాసుపత్రికి పంపడం మాకు మామూలే. ఊపిరి ఆగితే పెట్టే వెంటిలేటరు మా దగ్గర లేదు. కానీ ఛాతీ నిండా నీళ్లతో, నాడి నిలవకుండా ఉన్న మనిషిని బండిలో ఎక్కిస్తే దారిలోనే పోవచ్చు. రవి తలుపు దగ్గరికి వచ్చి, బండి వచ్చాక కూడా ఎందుకు పంపట్లేదని అరుస్తున్నాడు. తన చెల్లికి ఏమన్నా అయితే ఊరుకోనన్నాడు. డాక్టరు గారు వెనక్కి తిరగకుండానే, "ఛాతీ ఎండకుండా కదిలించను" అన్నారు. ఆవిడ నుదుటి మీద చెమట నాకు కనిపిస్తూనే ఉంది.

మరో మోతాదు ఎక్కించాక ఆవిడ స్టెత్ చెవుల్లోంచి తీసి, నాకు మాత్రమే వినబడేట్టు అన్నారు. "సిస్టర్, తాగిందనుకున్నా ఇప్పుడు పొట్టలో ఏమీ మిగల్లేదు. ఇంత మందుకి లొంగాలి. లొంగట్లేదంటే ఎక్కడో ఇంకా లోపలికి వెళ్తూనే ఉంది."

నేను, లక్ష్మి కలిసి సునీతను పక్కకు తిప్పాం. చొంగ గొంతులోకి పోకుండా ఉండటానికి ఎలాగూ తిప్పాలి. తిప్పితే మెడ వెనక, జడ కుదుళ్లలో, జాకెట్టు మెడ అంచు కింద లేత గోధుమరంగు పొట్టు కనిపించింది. చెమటకు తడిసి ముద్దగా అంటుకుని ఉంది. గాజుగుడ్డతో తుడిస్తే గుడ్డకు వచ్చింది. చెవుల వెనక కూడా ఉంది. ముఖం మీద మాత్రం లేదు.

"ఏంటమ్మా ఇది?" అని సువార్తమ్మను అడిగాను.

"తవుడమ్మా. ముఖం మీద మంగు వచ్చిందని రాసుకుంది. ఫోన్లో చూసింది, జపానోళ్ల పద్ధతంట. తవుడేగా, ఏం చేస్తుందిలే అని నేనూ వద్దనలేదు."

సునీతకు కాన్పు తరువాత రెండు చెంపల మీదా మంగు మచ్చలు వచ్చాయి. ఎంతమంది ఏ క్రీము చెప్పినా పోలేదట. జపాన్ ఆడవాళ్లు పూర్వం నుంచి తవుడుతో ఒళ్లు రుద్దుకుంటారని ఒక వీడియోలో చూసింది. పలచటి గుడ్డలో తవుడు మూట కట్టి, బియ్యం కడిగిన నీళ్లలో నానబెట్టి పిండితే పాలలాంటి నీళ్లు వస్తాయి. వేడినీళ్ల స్నానం చేసి చర్మం మెత్తబడ్డాక ఆ మూటతో ముఖం, మెడ, చేతులు రుద్దుకోవాలి. తవుడు అంటిన చోట వెంటనే కడిగేయకుండా కాసేపు ఉంచాలి. ఆ మధ్యాహ్నం అచ్చం అలాగే చేసింది. పాపను అత్తగారు పక్కింటికి ఎత్తుకెళితే, ముఖానికి, మెడకు, చేతులకు తవుడు ఉంచుకునే కాసేపు పడుకుంది. వాంతులు మొదలయ్యాక సువార్తమ్మ కోడలి ముఖం, చేతులు కడిగి, మంచి చీర చుట్టి తీసుకొచ్చింది. జాకెట్టు మార్చలేదు. మెడ వెనక ఎవరూ చూడలేదు.

ఇదంతా విని డాక్టరు గారు అడిగింది ఒకే ప్రశ్న. "తవుడు ఎక్కడిది?"

"ఇంట్లోది అయిపోతే తోటలో షెడ్డులో గోతంలోది తెచ్చుకుంది."

"అది ఎవరు తెచ్చి పెట్టారు?"

"మా ఆయన పెట్టుంటాడు."

సువార్తమ్మ ఫోనులోంచే ఆవిడ భర్త దేవసహాయానికి కలిపాం. ఆయన తోటలో కాయ కోయిస్తున్నాడు. కోడలిని ఆసుపత్రికి తెచ్చిన సంగతి అప్పటికే విని బయల్దేరబోతున్నాడట. డాక్టరు గారు స్పీకరులో పెట్టి, షెడ్డులో గోతంలో ఉన్న తవుడు ఏమిటని అడిగారు.

"ఆ గోతం ఎవరు తీశారండి?" అన్నాడు.

"మీ కోడలు. ముఖానికి రాసుకుంది. అది ఏంటో చెప్పండి ముందు."

"అయ్యో ప్రభువా. అది పురుక్కి కలిపిన మేతండి. మొక్కజొన్నలో కత్తెర పురుక్కి. తవుడు, బెల్లం, మందు కలిపి చల్లాను. మిగిలింది గేదెకి అందకుండా పైన కట్టి పెట్టానండి. మనుషులు తీస్తారని అనుకోలేదు."

డాక్టరు గారు మందు డబ్బా మీద పేరు చదవమన్నారు. ఆయన షెడ్డులోకి పరిగెత్తి, అక్షరం అక్షరం చదివి చెప్పాడు. చర్మం గుండా కూడా ఒంట్లోకి దిగే జాతి అది. అందులోనూ వేడినీళ్ల స్నానం చేసిన మెత్తటి చర్మం. గరుకు తవుడుతో రుద్దిన చర్మం. మేము ఒకపక్క విరుగుడు ఎక్కిస్తుంటే, విషం ఆమె మెడ మీద, జుట్టులో, జాకెట్టులో కూర్చుని రెండోపక్క ఎక్కుతూనే ఉంది.

నేను సునీత జాకెట్టుకు కత్తెర వేసేలోగా డాక్టరు గారు టార్చి తీసుకుని పాప దగ్గరికి వెళ్లారు. అప్పటిదాకా ఆ సంగతి నాకు తట్టలేదు. పాప గడ్డం మీద చొంగ కారుతోంది. పళ్లు వచ్చే వయసు పిల్లలకు చొంగ మామూలే, కానీ ఆ రోజు చొంగను చూసి మామూలే అనుకునే ధైర్యం ఎవరికుంటుంది? సువార్తమ్మ పాపను గట్టిగా హత్తుకుని వదలడం లేదు. డాక్టరు గారు ఆవిడ చేతులు విడదీసి, పాప కళ్లలోకి వెలుతురు వేశారు. కంటిపాపలు మామూలుగా ఉన్నాయి, వెలుతురుకు కదిలాయి. ఛాతీ పొడిగా ఉంది. "స్నానం చేశాక పాపకి పాలిచ్చిందా?" అని అడిగారు. ఇవ్వలేదని, లేచేసరికే వాంతులని సువార్తమ్మ చెప్పింది. అయినా పాపకు ఒళ్లు కడిగించి, సువార్తమ్మ చేతులు సబ్బుతో రుద్దించి, పాపను గమనిస్తూ ఉండమని ఒక నర్సును పక్కన నిలబెట్టారు.

ఇక సునీతను కడగాలి. చేతులకు రెండేసి గ్లవ్సులు, ప్లాస్టిక్ ఏప్రన్లు వేసుకుని, స్ట్రెచరును వెనక స్నానాల గదికి తోసుకెళ్లాం. కుళాయి తిప్పితే నీళ్లు కాలిపోతున్నాయి. మేడ మీది ట్యాంకు పొద్దుటి నుంచీ ఎండలోనే ఉంది. వేడినీళ్లు పోస్తే రక్తనాళాలు విచ్చుకుని చర్మం ఇంకా పీల్చుకుంటుంది. చల్లటి నీళ్లు కావాలి. ఆఫీసు గదిలో తాగునీటి క్యాన్లు ఉన్నాయి. అవి చాలవు. నేను తలుపు తీసి, బయట నిలబడ్డవాళ్లను చూసి అన్నాను. "మందు తాగలేదు మీ చెల్లి. ఒంటికి అంటింది. కడిగేయాలి. చల్లటి నీళ్లు కావాలి, ఎక్కడున్నా తీసుకురండి."

రవి ఒక్క క్షణం నా ముఖంలోకి చూశాడు. తరువాత అతనూ, అతని వెంట వచ్చినవాళ్లూ ఎదురుగా ఉన్న టీ బడ్డీ నుంచి, మెడికల్ షాపు నుంచి నీళ్ల క్యాన్లు భుజాన వేసుకుని తెచ్చారు. మేము లోపల పోస్తూనే ఉన్నాం. బట్టలు తీసి కవర్లో మూతి కట్టాం. మెడలో గొలుసు తీశాం, సందుల్లో తవుడు ఇరుక్కుంది. సబ్బుతో మెడ, చెవుల వెనక, చంకలు, చేతులు, గోళ్ల కింద కడిగాం. చర్మం గీసుకుపోకుండా మెత్తగానే రుద్దాలి. గీసుకుంటే మళ్లీ అదే ప్రమాదం. జడ విప్పి తల మొత్తం పదేపదే కడిగాం. లక్ష్మి ఒక చేత్తో ఆక్సిజన్ మాస్కు పట్టుకుని, రెండో చేత్తో తల పట్టుకుంది. డాక్టరు గారు నాడి మీద వేలు తీయలేదు. ఒకసారి ఊపిరి బాగా నెమ్మదించింది. అంబు బ్యాగుతో, అంటే చేత్తో నొక్కి గాలి పంపే సంచితో, ఆవిడే కాసేపు ఊపిరి అందించారు. తలుపు అవతల సువార్తమ్మ ప్రార్థన చేస్తున్న గొంతు వినిపిస్తోంది.

మళ్లీ మంచం మీదికి చేర్చి అట్రోపిన్ ఇచ్చాం. ఈసారి లేచిన నాడి లేచినట్టే నిలబడింది. డాక్టరు గారు ఛాతీ మీద స్టెత్ పెట్టి, ఒక పక్క, రెండో పక్క, వెనక, చాలాసేపు విన్నారు. తరువాత స్టెత్ తీసి నా చెవికి పెట్టారు. గాలి శబ్దం ఒక్కటే ఉంది. నీళ్ల చప్పుడు లేదు.

పొద్దు వాలే ముందు 108లో ఏలూరు పంపాం. దారిలో ఇవ్వాల్సిన మందుతో నేనే వెంట వెళ్లాను. పాపను వేరే బండిలో తెచ్చారు. బయల్దేరే ముందు పోలీసు స్టేషను నుంచి కానిస్టేబులు వస్తే, డాక్టరు గారు ముందు పంపిన సమాచారానికి కొనసాగింపుగా, విషం చర్మం ద్వారా చేరిందని, గోతంలోని పదార్థాన్ని పరీక్షకు తీసుకోవాలని రాసిచ్చారు. మొదటి కాగితంలో ఒక్క మాటా కొట్టేయాల్సిన అవసరం రాలేదు. అది రాసేటప్పుడు ఆవిడ కలం పట్టుకుని ఎందుకు ఆగారో నాకు అప్పుడు అర్థమైంది.

సునీత బతికింది. ఈ జాతి విషాల్లో ఒకసారి తేరుకున్నాక కూడా మెడ కండరాలు, ఊపిరి కండరాలు బలహీనపడే ప్రమాదం ఉంటుంది కాబట్టి ఏలూరులో కొన్నాళ్లు ఉంచుకున్నారు. స్పృహ బాగా వచ్చాక మేజిస్ట్రేటు ముందు తనే జరిగింది చెప్పింది. తవుడులో బెల్లం వాసన వస్తే గేదె దాణా అనుకుందట. మందు వాసన కూడా వచ్చింది కానీ షెడ్డులో ఏ వస్తువుకైనా ఆ వాసనే ఉంటుందని పట్టించుకోలేదట. కేసు అంతటితో మూసేశారు. రవి సువార్తమ్మను క్షమాపణ అడిగాడో లేదో నాకు తెలియదు. ఏలూరు వార్డులో ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని ఉండగా మాత్రం చూశాను.

దేవసహాయం ఆ తరువాత ఒకసారి ఆసుపత్రికి వచ్చాడు. మిగిలిన మేతను వ్యవసాయశాఖ వాళ్లు చెప్పినట్టు దూరంగా గొయ్యి తీసి పూడ్చానని చెప్పాడు. నా దగ్గర నుంచి ఏం వినాలనుకున్నాడో తెలియదు. ఇకమీదట ఏది కలిపినా ఇంట్లో అందరికీ చెప్పమన్నాను. తల ఊపి వెళ్లిపోయాడు.

వానలు పడ్డాక సునీత పాపకు టీకా వేయించడానికి వచ్చింది. అసలు తవుడుతో ప్రమాదం ఉందా అని నన్ను అడిగింది. శుభ్రమైన తవుడైతే ప్రమాదం లేదని, మంగు పోతుందని మాత్రం నేను చెప్పలేనని, దానికి చర్మ వైద్యుణ్ని కలవమని చెప్పాను.

ఆ సంఘటన తరువాత మా క్యాజువాలిటీలో అడిగే ప్రశ్న మారింది. ఏం తిన్నారు, ఏం తాగారు అనడంతో ఆపకుండా, ఒంటికి ఏం రాసుకున్నారు, ఏం పట్టుకున్నారు అని కూడా అడిగేవాళ్లం. పాయిజన్ కేసు ఏదైనా సరే, బట్టలు మార్చి జుట్టు చూడటం మొదటి పనుల్లో చేర్చాం. నేను రిటైరయ్యేదాకా కొత్తగా చేరిన ప్రతి నర్సుకూ ఇది నేర్పాను. రోగి చెప్పే మాట ఒకటి, ఒంటి మీది లక్షణం ఇంకొకటి అయినప్పుడు రెంటిలో ఒకటి అబద్ధమని తేల్చడం తేలిక. ఆ అమ్మాయి తాగలేదన్నది నిజం, ఆమె ఒంట్లో విషం ఉన్నదీ నిజం. రెండూ నిజమయ్యే దారి ఏదైనా ఉందేమో ముందు వెతకాలి. వెతికి తేలేదాకా, తెలియనిదాన్ని తెలియదనే రాయాలి.